ముందురోజు పెట్టిన సీసా

నైట్రోజన్ సిలిండర్ తిప్పగానే బుస్సుమని చప్పుడొస్తుంది. అది విన్నప్పుడల్లా నాకు రాజేశ్వరి మేడం గుర్తొస్తారు. కరీంనగర్‌లో మా చిన్న ప్రయోగశాలకు ఆమె పెద్ద. చెన్నూరు మనిషి, బొగ్గుగని కార్మికుడి బిడ్డ. క్యాన్సర్ కణితి లోలోపలికి ఆక్సిజన్ సరిగా అందదు. అలాంటి చోట బతకడం నేర్చిన కణాలు మందుకు ఒక పట్టాన లొంగవు. ఎందుకు లొంగవో తెలుసుకోవడమే ఆమె పని. నన్ను కన్న అవ్వ క్యాన్సర్‌కు మొదట్లో పనిచేసిన మందు తర్వాత పనిచేయలేదు. అవ్వ పోయిన ఏడాదే నేను మేడం దగ్గర చేరాను. నిజం చెప్పాలంటే ఆ కణాల మీద నాకు కక్ష ఉండేది.

నైట్రోజన్ నింపి ఆక్సిజన్ తగ్గించిన పెట్టెలో కణాలను పెంచి, వాటి మీద కొత్త మందు పరీక్షించేవాళ్లం. రెండో ఏడు ఒక పొద్దున చూస్తే కణాలన్నీ చచ్చి ఉన్నాయి. నా కాళ్లు నేల మీద నిలవలేదు. పరుగున వెళ్లి చెబితే మేడం కనీసం నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది.

“కొత్త ద్రవం ఎప్పుడు పోసినవ్?” అని అడిగారు.

“నిన్న పొద్దుగాల, మందు కలిపి పోసిన.”

“గా సీసా ముందురోజే పెట్టెల పెట్టినవా?”

పెట్టలేదు. బల్ల మీది సీసా తీసి అట్లాగే పోశాను. కణాలకు తిండిగా పోసే ఆ ద్రవంలో మామూలు గాలి కరిగి ఉంటుంది. ఒక రోజు పెట్టెలో ఉంచితే గానీ అది పోదు. అంటే కణాలకు ఆక్సిజన్ నేనే తాగించాను. ఆక్సిజన్ అందిన కణాలు మందుకు తేలిగ్గానే లొంగుతాయి.

“మందైతే పనిచేసింది గద మేడం,” అన్నాను మొండిగా.

“మా బాపు గనిల దీపం ముందల పట్టుకొని నడిచేటోడు. గాలి సాలక దీపం సన్నగైతే ఎనుకకొచ్చేటోడు. ఏమైతదిలే అని పోయినోళ్లు మళ్ల రాలే. ఇంకోసారి చెయ్యి బిడ్డా.”

చేశాను. ఈసారి సీసా ముందురోజే పెట్టాను. కణాలు చావలేదు. అవ్వ మళ్లీ పోయినట్టు ఏడ్చాను. మేడం చాయ్ తెచ్చి నా పక్కన కూర్చున్నారు.

“ఏడ్వు. ఏడ్సినంక ఉన్నదున్నట్టు రాయి. పనిచెయ్యని మందును నమ్ముకొని ఇంకొకరి అవ్వ పరేషాన్ కావద్దు.”

నిరుడు మేడం పోయారు. ఇప్పుడు ఆమె కుర్చీలో నేను కూర్చుంటున్నాను. రేపు ఇంకో కొత్త మందు పరీక్ష. ఇందాకే సీసా పెట్టెలో పెట్టి తలుపు బిగించాను. ఆ కణాలు చావాలని అవ్వను తలచుకొని ఇప్పటికీ కోరుకుంటాను. చావకపోతే, చావలేదనే రాస్తాను.