ఉమ్మడి సందు

బెల్లం వ్యాపారి బంగార్రాజుకి కంటి నిండా నిద్ర ఉండకూడదని నేను దేవుడికి దండం పెట్టుకున్న మాట నిజం. అనకాపల్లిలో దస్తావేజులు రాసుకునేవాణ్ణి, ఇలాంటివి పైకి అనకూడదు. అంటున్నాను.

వరహాలక్ష్మమ్మగారు అతని వదిన. పక్కపక్క ఇళ్ళు, మధ్యన సందు. ముప్పయ్యేళ్ళ కిందట అన్న పోగానే బంగార్రాజు పంపకాల కాగితం నా చేతే రాయించాడు. "సందు ఉమ్మడి. ఇరువురూ, వారి వద్ద కొన్నవారూ ఏ వేళనైనా అడ్డు లేకుండా నడవవచ్చును" అని పట్టుబట్టి మరీ పెట్టించాడు. మర్నాటి నుంచీ తెల్లవారుజామున నాలుగింటికల్లా బెల్లం బళ్ళు ఆవిడ కిటికీ కిందే ఆగేవి. బళ్ళు పనివాళ్ళకి అప్పజెప్పి, తను మాత్రం పొద్దెక్కేదాకా పడుకునేవాడు. కాస్త తెల్లారాక తోలించమని బతిమాలితే, "కాగితం సూసుకో వదినా" అనేవాడు.

పోయినేడు ఆవిడ తుంటి విరిగింది. పిల్లల్లేరు. లేపి కూర్చోబెట్టడానికి మనిషి కావాలి. మాకవరపాలెం దారిలో ఉన్న వృద్ధాశ్రమంలో చేరాలంటే ఇల్లు అమ్మక తప్పదు. బంగార్రాజు సగం ధరకి అడిగాడు. ఆవిడ ఇవ్వనంది. అంతే, చూడ్డానికొచ్చిన ప్రతి కుటుంబాన్నీ గుమ్మంలోనే ఆపి, ఈ ఇంటికి వీధిపోటుంది, ఎవరికీ అచ్చిరాదు అని చెప్పి పంపేశాడు.

"ఎక్కడికి పోద్ది? రేపో మాపో నా కాళ్ళ దగ్గిరికే వత్తాది" అని బజారంతా చెప్పుకున్నాడు, సిగ్గులేని మనిషి.

కుటుంబాలన్నీ బెదిరిపోయాక, వాస్తు పట్టనివాడు ఒక్కడు మిగిలాడు. ధనుంజయ్. అచ్యుతాపురం కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి హాస్టళ్ళు నడుపుతాడు. ఆవిడ అడిగిన ధర ఇచ్చాడు.

రిజిస్ట్రేషన్ రోజున బంగార్రాజు చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చాడు. "వదినా, అరవై మందిని నా కిటికీ కింద తిప్పుతావేటి? ఆ ధర నేనే ఇత్తాను!"

ఆవిడ చక్రాల కుర్చీలోంచి చెయ్యి చాపి వేలిముద్ర వేసింది. "కాగితం సూసుకో బంగార్రాజూ" అంది. నా కడుపు చల్లబడింది.

ఇప్పుడు ఆ ఇల్లు హాస్టలు, ఆ సందులో మూడు షిఫ్టుల రాకపోకలు. నాలుగున్నరకే సందు మొదట్లో కంపెనీ బస్సు హారన్లు. బంగార్రాజు కళ్ళ కింద సంచులు దిగాయి.

మొన్న ఆశ్రమానికి వెళ్ళాను. పప్పు చప్పగా ఉంటోందని, సొంత ఇంటి వాసన రాదని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆయా మాత్రం వేరే ఫిర్యాదు చేసింది. ఈవిడ రోజూ నాలుగున్నరకి అలారం పెట్టించుకుంటోందట.

"ఇక్కడైనా హాయిగా పడుకోక, అలారం ఎందుకమ్మా?" అన్నాను.

"లెగడానికి కాదు నాయనా. ఈ పాటికి ఆడు లేచుంటాడని తలుసుకుని, మళ్ళీ పడుకోడానికి."