గింజల కోసం బహ్లాకి

ఇది ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. నా మొదటి ఫలితం మళ్లీ రాలేదు.

ఖర్జూరపు గింజల్ని మాడ్చి, కంటికి కనిపించనంత చిన్న కార్బన్ రేణువులు చేసి, వాటికి క్యాన్సర్ మందు అంటించడం నా పీహెచ్‌డీ పని. కణితిని చేరాకే అవి మందు వదలాలి. పరీక్షల్లో మొదటి సంచి గింజలవి సరిగ్గా అలాగే చేశాయి. రెండో సంచివి ముందే వదిలేశాయి. నాలుగు నెలలుగా నా చేతులనే అనుమానిస్తున్నాను. ఆదివారం మస్కట్‌లో సదస్సు. అక్కడ నేను మొదటి ఫలితం గురించే మాట్లాడాలి.

గింజలు పంపేది ఇక్కడే ఒమాన్‌లో, బహ్లా అనే ఊళ్లో ఖర్జూరపు తోటలో పనిచేసే రాజలింగం బాబాయ్, జగిత్యాల వైపు మనిషి. ఫోన్‌లో అడిగితే "అవే గింజలు బిడ్డా" అన్నారు. మనసు ఊరుకోలేదు. శనివారం పొద్దున ఎనిమిదింటికి మస్కట్‌లో, బహ్లా దారిలో ఉన్న నిజ్వాకి బస్సెక్కాను. టికెట్టు రెండు రియాళ్లు.

పక్క సీట్లో భీమవరం నర్సు ఒకావిడ. "ఏంటమ్మా, ఒకటే వాచీ చూస్తన్నావ్? నువ్వు చూస్తే బస్సు తొందరగా పోద్దా?"

నా చదువేమిటో నసుగుతూ చెప్పాను.

"మా వార్డులో ఆ మందెక్కిస్తే జుట్టంతా ఊడిపోద్దమ్మా. గడ్డ దగ్గరికే పోయేది కనిపెట్టావా?"

"ఇంకా లేదండీ," అన్నాను. తర్వాత దారంతా కిటికీలోంచి బోడి కొండలు చూస్తూ కూర్చున్నాను.

పదింబావుకి నిజ్వా. పరాఠా తిని, టీ తాగి షేర్ టాక్సీ ఎక్కితే పదకొండున్నరకి బహ్లా. తోటలో పెద్ద పెద్ద రాగి గంగాళాల్లో పసుపు రంగు కాయలు ఉడుకుతున్నాయి. పక్కనే ఎండలో పరిచినవి ముడతలు పడుతున్నాయి.

"మన దిక్కు పెండ్లిళ్లల్ల పెట్టే ఎండు ఖర్జూరాలు ఇవ్వే బిడ్డా," అన్నారు బాబాయ్, చెమట తుడుచుకుంటూ.

"నాకు పంపినవీ ఇవేనా బాబాయ్?"

"మొదలు పంపినయి గంగాళంల ఉడికినయి. రెండోసారి అవి ఒడిసినయ్. చెట్టు మీద పండినయి నింపిన. గింజ గింజే గదా!" నా మొహం చూసి ఆగారు. "నీ సదువు ఖరాబైందా?"

"లేదు," అన్నాను. ఉడికించారా అని ఒక్కసారి కూడా నేనడగలేదు.

ఆయన రెండు రకాలూ వేర్వేరు సంచుల్లో కట్టిచ్చారు. "కలవనియ్యకు."

ఈ ఉడకబెట్టే పని చూడాలనుకునేవాళ్లు నడివేసవిలో వెళ్లాలి, నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లాలి. బహ్లాలో పేరున్న పాత కోట ఉంది; ఆ రోజు నేను అటువైపు కన్నెత్తి చూడలేదు. ఊరు కన్నా, అడగని ఆ ప్రశ్నే నా కళ్లముందు తిరిగింది.

మూడింటికి నిజ్వాలో తిరుగు బస్సు. కదిలాక మా పీహెచ్‌డీ గైడ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ ఒమానీ, మాట తక్కువ. రెండుసార్లు మోగక ముందే కట్ చేసి, మూడోసారి అంతా చెప్పేశాను, నాలుగు నెలలు దాచానని కూడా. ఆవిడ చివరిదాకా విని అన్నారు:

"ఉడికించడం వల్లేనన్నది నీ అనుమానం, రుజువు కాదు. రేపు సదస్సులో నువ్వు మాట్లాడవు. రెండు సంచులూ పట్టుకుని నేరుగా ల్యాబ్‌కి రా. నేనక్కడే ఉంటాను."