జయశీల విసిరిన ముప్ఫై డిస్కులు

మా చిన్నమ్మ జయశీల విమానాశ్రయం దగ్గర తొండుపల్లిలోని ఒక ప్లాస్టిక్ మూతల కంపెనీలో పందొమ్మిదేళ్లుగా పని చేస్తోంది. పెయింటు డబ్బాల మూతలు, పెరుగు బకెట్ల మూతలు, టిఫిన్ సెంటర్లవాళ్లు చట్నీ గిన్నెల మీద పెట్టే మూతలు అక్కడ తయారవుతాయి. అచ్చులోంచి బయటికొచ్చిన మూతకు అంచు చుట్టూ అక్కరలేని ప్లాస్టిక్ కొంచెం అంటుకుని ఉంటుంది. దాన్ని చిన్న కత్తితో గీకి తీసేయడం చిన్నమ్మ పని. రోజుకు ఎన్ని గీకుతావని ఒకసారి అడిగితే, "లెక్క పెడితే గీకబుద్ధి కాదు బిడ్డా" అంది.

గీకిన మూత పన్నెండు అడుగుల దూరంలో ఉన్న అట్టపెట్టెలో పడాలి. నడిచి వెళ్లి పెట్టడానికి అక్కడ ఎవరికీ ఓపిక లేదు. చిన్నమ్మ ఇటు తిరిగి కబుర్లు చెబుతూనే మోచేయి నడుముకు ఆనించి మణికట్టు ఒక్కసారి విదిలిస్తుంది. మూత గిర్రున తిరుగుతూ పోయి పెట్టెలో పడుతుంది. అదే బల్ల దగ్గర పని చేసే రుక్కమ్మ కూడా అంతే. కొత్తగా చేరినవాళ్లు నెల రోజులు ఆ విసురు నేర్చుకుంటారు.

ఈ విసురే పోయిన ఫిబ్రవరిలో చిన్నమ్మను చిక్కుల్లో పెట్టింది.

జాన్ పాల్ అనే అతను కొత్వాల్‌గూడ దగ్గర ఒక మామిడి తోటను కిరాయికి తీసుకుని, చెట్ల మధ్య తొమ్మిది ఇనుప బుట్టలు నిలబెట్టాడు. ఒక్కో బుట్ట పైనా గొలుసులు వేలాడుతుంటాయి. దూరం నుంచి ప్లాస్టిక్ డిస్కు విసిరి, ఎంత తక్కువ విసుర్లలో దాన్ని బుట్టలో వేస్తే అంత గొప్ప. బంతీ కర్రా లేని గోల్ఫ్ అన్నమాట. ఆదివారాలు ఆఫీసులవాళ్లు వచ్చి ఆడతారు. డిస్కులు బయటి దేశం నుంచి తెప్పించాలి, వాటిలో సగం ముళ్లపొదల్లో పోతాయి. అందుకని అతను సొంతంగా అచ్చు చేయించుకుని చిన్నమ్మ వాళ్ల కంపెనీకి వచ్చాడు. యజమాని గోవర్ధన్ ఆర్డరు తీసుకున్నాడు. మొదటి విడత ముప్ఫై డిస్కులు తయారయ్యాయి. అన్నీ నారింజ రంగువే, అన్నీ ఒకలాగే ఉన్నాయి. కానీ విసిరితే ఏ రెండూ ఒక తీరుగా పోలేదు.

మిషన్ నడిపే రషీద్ చెప్పిన కారణం ఇది. "ఒకటి జర వేడి మీద తీస్తం అక్కా, ఒకటి ఆరినంక తీస్తం. మీదికెళ్లి ఉబ్బు తేడా వస్తది. అంచు కూడ వెంట్రుకంత మీదికో కిందికో అయితది. మూతకైతే ఎవ్వడు అడగడు. గాలి అడుగుతది."

కొత్తగా ఆట నేర్చుకునేవాళ్ల చేతికి సరిపడని డిస్కు ఇస్తే వాళ్లు మళ్లీ రారని, అందువల్ల ప్రతి డిస్కునూ విసిరి చూసి, మూడు రకాలుగా విడదీసి పెట్టెల్లో పెట్టాలని జాన్ పాల్ అడిగాడు. దానికి ఒక మనిషి కావాలి. డిప్లొమా చదివిన తన బంధువును పెడతానని గోవర్ధన్ అన్నాడు. అప్పుడు చిన్నమ్మ కత్తి కింద పెట్టిందట.

"సేటు, ఆ పని నేను చేస్త."

"దాని గురించి నీకేం తెలుసు జయశీలా?"

"పందొమ్మిదేండ్ల సంది విసురుతున్న. మీ బంధువు ఎన్నేండ్ల సంది విసురుతుండు?"

అందరూ నవ్వారట. గోవర్ధన్ కూడా నవ్వి, మూడు రోజులు గడువు ఇచ్చాడు. శనివారం జాన్ పాల్ వచ్చి తను విసిరి చూస్తాడు. ఇద్దరి లెక్కా కలిస్తే చెకింగ్ పని చిన్నమ్మది. కలవకపోతే మళ్లీ మూతలే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ చిన్నమ్మ నాతో అంది. "ఇన్నేండ్లల్ల ఎవరేది చెప్తే అది చేసిన. ఒక్కసారన్న నేను గిది మంచిది, గిది కాదు అంటే ఇంకొకరు రాసుకోవాలె బిడ్డా. గంతే."

రాసుకునే పని నాకు వచ్చింది. నేను తెలుగు ఎం.ఏ. పూర్తి చేసి చిన్నమ్మ వాళ్లింట్లోనే ఉంటున్నాను. జాన్ పాల్ ఇచ్చిన కాగితం ఇంగ్లిషులో ఉంది కాబట్టి చదివి చెప్పమంది. చదివాను. డిస్కు నిలకడ గురించి నాలుగు పేరాలు, పక్కన ఒక బొమ్మ. మొదట్లో వేగంగా ఉన్నప్పుడే కుడికి మళ్లితే ఆ డిస్కుకు నిలకడ తక్కువ. చివర వేగం తగ్గాక ఎడమకు గట్టిగా ఒరిగితే నిలకడ ఎక్కువ. రెండూ లేకపోతే నేరుగా పోయే రకం.

"నిలకడ ఎక్కువుంటే పక్కకు ఒరుగుడేంది?" అంది చిన్నమ్మ.

"మనం ఎంత బలంగా విసిరినా మాట వినదు. చివరికి తన దారికే పోతుంది."

"మొండిది అని చెప్పరాదు. తక్కువున్నది?"

"చేతి ఊపుకు మొదట్లోనే లొంగిపోతుంది."

"మెత్తది. ఇగ మూడోది రుక్కమ్మ లెక్క. చెప్పినకాడికి పోయి కూసుంటది."

అక్కడే ఉన్న రుక్కమ్మ, "నన్నెందుకు విసురుతరే" అంది.

కంపెనీ వెనక అమ్ముడుపోని ఇళ్ల స్థలాల వెంచర్ ఒకటి ఉంది. మధ్యలో ముప్ఫై అడుగుల మట్టిరోడ్డు, అటూ ఇటూ నంబర్లు వేసిన హద్దురాళ్లు. పొద్దున్న ఆరింటికి గాలి ఉండదని అక్కడికి వెళ్లాం. చిన్నమ్మ చీర కొంగు నడుముకు బిగించి, ఉత్తరం వైపు తిరిగి రోడ్డు మధ్యలో నిలబడింది. డిస్కులు ఏరుకురావడానికి రుక్కమ్మ. నోటుబుక్కుతో నేను ఒక రాయి మీద.

మొదటి డిస్కు నడుమెత్తున నేరుగా పోయింది. నాలుగు ప్లాట్లు దాటాక వేగం తగ్గి, కుడికి ఒరిగి, నలభై రెండో నంబరు రాయి పక్కన పడింది.

"వెస్ట్ ఫేసింగ్ల పడ్డది" అని అక్కడి నుంచి కేకేసింది రుక్కమ్మ. "జర ఈస్ట్ ఫేసింగ్ల వెయ్యరాదే. రేటన్న ఎక్కువుంటది."

చిన్నమ్మ నవ్వలేదు. "బిడ్డా, ఇది చివరకు ఒరిగింది. మొండిదే కదా?"

నేను కాగితం చూశాను. "కానీ కుడికి ఒరిగింది చిన్నమ్మా. మొండిది ఎడమకు ఒరగాలి. కుడికి పోతే మెత్తది."

"మెత్తది మొదలుకే పక్కకు పోవాలె అని నువ్వే చెప్తివి. ఇది మొదలు సక్కగనే పోయె."

మళ్లీ చదివాను. కుడి అంటే కుడి అనే ఉంది. రాసినవాళ్లు ఎన్ని వేలసార్లు విసిరి రాసి ఉంటారో అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు పోదామన్నాను. చిన్నమ్మ ఆ డిస్కును చేతిలో తిప్పి తిప్పి చూసి, "సరే, చదువుకున్నదానివి" అని సుద్దముక్కతో 'మె' అని రాసింది.

మూడు పొద్దులు అలా గడిచాయి. ఒక్కో డిస్కును ఆరుసార్లు విసిరింది. విమానం నెత్తి మీదుగా దిగుతుంటే ఆగేది, పోగానే విసిరేది. రెండో రోజుకు అంచు వేలితో తడిమి ఎటు పడుతుందో ముందే చెప్పడం మొదలుపెట్టింది. నేను బుక్కులో రాసుకునేదాన్ని. ముప్ఫైలో రెండే తప్పాయి. చివరికి 'మె' పన్నెండు, 'మొ' పది, 'నే' ఎనిమిది తేలాయి.

శనివారం జాన్ పాల్ వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. అందరం వెంచర్‌లోకి వెళ్లాం. దారిలో చిన్నమ్మ పెట్టిన మూడు పేర్లూ అతనికి చెప్పాను. 'మె' అని రాసిన డిస్కు ఒకటి తీసి, రెండడుగులు నడిచి విసిరాడు. అది నేరుగా పోయి పోయి చివర ఎడమకు ఒరిగిపోయింది.

"ఇది మొండి రకం కదా అక్కా" అన్నాడు.

ఇంకొకటి విసిరాడు. అదీ ఎడమకే. 'మొ' అని రాసినవి మూడు విసిరితే మూడూ మొదట్లోనే కుడికి మళ్లాయి. 'నే' అని ఉన్నవి మాత్రం నేరుగా పోయాయి.

"నేరుగా పోయేవి సరిగ్గానే పట్టుకున్నరు. మిగిలినవే..." అని జాన్ పాల్ మాట మింగేశాడు.

గోవర్ధన్ ఫోన్ తీశాడు. "పోనీ జయశీలా, నువ్వు ప్రయత్నం చేసినవ్. సోమవారం నుంచి మా బంధువును రమ్మంట."

"ఫోన్ జేబుల పెట్టు సేటు, ఒక్క నిమిషం" అంది చిన్నమ్మ. జాన్ పాల్ మొదట విసిరిన డిస్కునే రుక్కమ్మ చేత తెప్పించుకుంది. అదే చోట నిలబడి, మోచేయి నడుముకు ఆనించి విదిలించింది. అది అంతే దూరం పోయి, చివర కుడికి ఒరిగి పడింది.

ఒకటే డిస్కు. అతనికి ఎడమకు, ఈమెకు కుడికి.

"తమ్మీ, నువ్వు మళ్ల వెయ్యి. జర మెల్లగ" అంది చిన్నమ్మ. అతను విసిరాడు. చిన్నమ్మ డిస్కును చూడలేదు, అతని చేతిని చూసింది. "నువ్వు చెయ్యి రొమ్ము మీదికెళ్లి బయటికి గుంజుతున్నవ్. నేను బయటికెళ్లి ముందలికి విదిలిస్తున్న. నీది గిట్ల తిరుగుతది, నాది గట్ల తిరుగుతది" అని నేల మీద రెండు వేళ్లతో రెండు సున్నాలు గీసింది. ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి.

అంతలో రషీద్ అన్నాడు. "అట్లయితే రుక్కమ్మక్కతోని వేయించుండ్రి. ఆమెది ఎడమచేతి వాటం. మూత కూడ బల్లకు అవతలి పక్క నిలబడి వేస్తది."

"నాకెందుకయ్యా, పరేషాన్" అంటూనే రుక్కమ్మ డిస్కు అందుకుంది. చిన్నమ్మ విసురే, కాకపోతే ఎడమ చేత్తో. డిస్కు పోయి పోయి ఎడమకు ఒరిగింది. జాన్ పాల్ విసిరినది ఎక్కడ పడిందో దానికి రెండడుగుల ఇవతల.

"ఈస్ట్ ఫేసింగ్" అంది రుక్కమ్మ తృప్తిగా. "మా అత్త ముప్ఫై ఏండ్లు తిట్టింది ఈ చెయ్యిని."

అప్పుడు నేను కాగితం తీసి, మొదటిసారి అందులోని బొమ్మను చూశాను. ఒక మనిషి పక్కకు తిరిగి నిలబడి, చేతిని రొమ్ము మీదుగా వెనక్కి లాగి ఉన్నాడు. జాన్ పాల్ విసిరినట్టే. నాలుగు పేరాలూ ఆ విసురు గురించే. నేను అక్షరాలు మాత్రమే చదివాను.

ఏదో చెప్పాను. నాకే వినపడలేదు.

"గట్టిగ చెప్పు చెల్లె" అన్నాడు రషీద్.

"చిన్నమ్మ మొదటి డిస్కుకే మొండిది అంది" అన్నాను. "చివర ఒరిగింది కాబట్టి మొండిదే అంది. కాగితంలో కుడి అని ఉందని నేనే 'మె' రాయించాను. తప్పు నాది." బుక్కు తెరిచి గోవర్ధన్‌కు ఇచ్చాను. ప్రతి డిస్కుకూ ఆరు విసుర్లు, ఆరు ప్లాటు నంబర్లు.

జాన్ పాల్ ఆ బుక్కు పట్టుకుని రాయి మీద కూర్చున్నాడు. తర్వాత లేచి ముప్ఫై డిస్కులనూ వరసగా విసిరాడు. ఎడమనూ కుడినీ మార్చి చూస్తే చిన్నమ్మ లెక్కతో ఇరవై తొమ్మిది కలిశాయి. ఒక్కటి మాత్రం చిన్నమ్మ నేరు అంది, అతను మొండిది అన్నాడు.

"మళ్ల వెయ్యి" అంది చిన్నమ్మ.

వేశాడు. ఎడమకే పడింది.

"మళ్ల వెయ్యి. భుజం వంగుతుంది నీది. అలసిపోయినవ్."

నీళ్లు తాగి ఐదుసార్లు వేశాడు. ఐదుసార్లూ నేరుగా పోయింది. "డిస్కుదేం లేదు, చెయ్యే వంకర" అని ఒప్పుకుని, గోవర్ధన్‌తో అన్నాడు. "సార్, డిప్లొమా ఆయనను వేరే పనికి పెట్టుకోండి. ఇక్కడ నాకు అక్కనే కావాలె."

గోవర్ధన్ బుక్కు మూసి, "సరే జయశీలా, పని నీది" అన్నాడు.

"నేనొక్కదాన్ని చెయ్య" అంది చిన్నమ్మ.

"ఇదేంది మళ్ల?"

"రుక్కమ్మ కూడ ఉండాలె. నాకు కుడికి పడ్డది ఆమెకు ఎడమకు పడాలె. అప్పుడే అది మొండిది. ఒక్క చెయ్యి చెప్తే నమ్మేది లేదు సేటు. ఒక్క కాగితం చెప్తే అసలే లేదు."

నా వైపు చూడకుండానే అంది. కానీ చేయి నా భుజం మీద వేసింది.

గోవర్ధన్ కాసేపు తల గోక్కున్నాడు. ఇద్దరిని మూతల బల్ల నుంచి తీస్తే అక్కడ ఎవరు గీకుతారన్నాడు. ఆ డిప్లొమా ఆయన గీకుతాడని రషీద్ అన్నాడు. చివరికి పొద్దున్న రెండు గంటలు ఇద్దరికీ చెకింగ్, తర్వాత మూతలు అని కుదిరింది.

సోమవారం పొద్దున్న కొత్త విడత డిస్కులతో వెళ్లాం. రోడ్డుకు ఈ పక్క చిన్నమ్మ, ఆ పక్క రుక్కమ్మ, ఇద్దరూ ఉత్తరం వైపే తిరిగి. మొదటి రోజు చూద్దామని గోవర్ధన్ కూడా వచ్చి బుక్కు తనే పట్టుకున్నాడు. రెండు డిస్కులు బాగానే తేలాయి. చిన్నమ్మ చెప్పింది, ఆయన రాసుకున్నాడు. మూడోది చిన్నమ్మ విసిరితే ఎడమకు పోయింది. రుక్కమ్మ విసిరినా ఎడమకే పోయింది.

"ఇదేందే, ఇద్దరికి ఒక్క తీరుగ పడ్డది?" అంది రుక్కమ్మ.

గోవర్ధన్ పెన్ను ఎత్తి, "మొండా, మెత్తా? ఏం రాయాలె?" అన్నాడు.

చిన్నమ్మ గుప్పెడు మట్టి తీసి వదిలింది. మట్టి పక్కకు కొట్టుకుపోయింది.

"ఏం రాయకు సేటు. అది డిస్కు కాదు, గాలి. అది ఆగేదాక కూసుందాం" అని రాయి మీద కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచింది. గోవర్ధన్ పెన్నుకు మూత పెట్టి, నలభై రెండో నంబరు రాయి మీది దుమ్ము దులిపి తనూ కూర్చున్నాడు.