సూది వద్దన్నవాడి తండ్రి

పత్రిక చదివే పెద్దలకు ముందుగా నా చేతిరాత గురించి క్షమాపణ. మా ఊళ్ళో ఐదో తరగతి దాకానే బడి ఉండేది. ఆ తర్వాత నా చేతికి ములుగర్ర వచ్చింది. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. నాకు మాట్లాడటమే తక్కువ, రాయటం ఇంకా తక్కువ. అయినా ఇది నేను రాయకపోతే ఇంకెవరూ రాయరని కూర్చున్నాను.

మా పక్కింటాయన పోయారు. మంగళవారం పొద్దున అంబులెన్స్ కూత లేకుండా వచ్చింది. కూత లేదంటే తొందర లేదని అర్థమట, మా అమ్మాయి చెప్పింది. వరండాలో కుర్చీలోనే, రేడియో పక్కన పెట్టుకుని పోయారు.

ఆయన తెల్లాయన. అమెరికాలోని ఈ బెంటన్‌విల్‌ ఊళ్ళోనే స్కూలు బస్సు నడిపి రిటైరయ్యారు. మా ఆవిడ పోయాక నేను అమ్మాయి దగ్గరికి వచ్చాను. అమ్మాయి, అల్లుడు పొద్దునే ఆఫీసుకి వెళ్ళిపోతారు. ఈ ఊళ్ళో కారు లేకపోతే పాలకి కూడా పోలేం. నేను మా మెట్ల మీద కూర్చునేవాణ్ణి, ఆయన తన వరండాలో. రెండు వారాలు చేతులు ఊపుకున్నాం. మూడో వారం ఆయన ఇంకో కుర్చీ తెచ్చి తన పక్కన వేశారు. పిలవలేదు, వేసి ఊరుకున్నారు. పిలిచి ఉంటే నేను సిగ్గుపడి వెళ్ళేవాణ్ణి కాను. ఆ సంగతి ఆయనకెలా తెలిసిందో.

రేడియోలో బేస్‌బాల్ వచ్చేది. ఆయన ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా అర్థం చెప్పేవారు. చిన్నపిల్లలతో ఏళ్ళ తరబడి మాట్లాడిన నోరు కదా. నన్ను ‘ఫార్మర్’ అని పిలిచేవారు. నేను ‘సార్’ అనేవాణ్ణి. నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ వరండాలో వచ్చిందే. ఎంత వచ్చో మా ఇంట్లో వాళ్ళకి కూడా తెలియదు.

ఆయనకొక అలవాటు ఉండేది. పొద్దున మా వీధిలో స్కూలు బస్సు ఆగితే, పిల్లలందరూ ఎక్కి కూర్చునేదాకా కాఫీ కప్పు నోటి దగ్గరికి తీసుకెళ్ళేవారు కాదు. “చివరి పిల్ల కూర్చునేదాకా బండి కదలకూడదు” అనేవారు. డ్రైవరు ముందే కదిలించాడా, ఆ రోజంతా అతనికి తిట్లే.

ఈ చుట్టుపక్కల పుట్టి చాలా పెద్ద పేరు తెచ్చుకున్న బేస్‌బాల్ ఆటగాడు ఒకడున్నాడు. మా పక్కింటాయన అతని పేరు ఎన్నడూ నోటితో పలకలేదు. నేనూ రాయను. బలం కోసం సూదిమందు వాడాడని అతని మీద కేసు పడింది. టీవీ పెడితే అతనే. లాయరు పక్కన కూర్చుని ఏడ్చాడు. ఇంక ఊరంతా కరిగిపోయింది. ఇళ్ళ ముందు గడ్డిలో ‘మేము నీ వెంటే’ అని బోర్డులు లేచాయి. చర్చిలో ప్రార్థనలు చేశారు. తలా ఒక వంట తెచ్చుకుని మా ఇంట్లో పాట్‌లక్‌కి వచ్చిన మనవాళ్ళదీ అదే మాట. “పాపం అంకుల్, అందరూ వాడేవాళ్ళే, దొరికింది ఈయనొక్కడు” అన్నాడొకతను, పులిహోర పెట్టుకుంటూ.

అబద్ధం ఎందుకు, నాకూ జాలేసింది. మర్నాడు వరండాలో నాకొచ్చిన ఇంగ్లీషులో అదే అన్నాను. పాపం సార్, ఏడుస్తున్నాడు, అని.

ఆయన రేడియో కట్టేశారు. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. రెండు రోజులు బయటికి రాలేదు. నా కుర్చీ మాత్రం తీయలేదు.

మూడో రోజు వచ్చి కూర్చుని చెప్పారు. ఆ ఆటగాడూ, ఈయన కొడుకూ ఒకే బడి, ఒకే జట్టు. ఇద్దరూ ఈయన బస్సులోనే ఎక్కేవారు. ఇద్దరూ పెద్ద జట్టుకి ఒక్క మెట్టు కింద దాకా వెళ్ళారు. పైన ఖాళీ ఒక్కటే. సూది ఇద్దరికీ చూపించారట. ఒకడు చొక్కా చెయ్యి మడిచాడు. ఒకడు వద్దన్నాడు. వద్దన్నవాడు ఇంటికొచ్చి పక్క ఊళ్ళో టైర్ల షాపులో చేరాడు.

“మావాడు ఏడవలేదు” అన్నారు. “ఏడవటం రానివాడికి జాలి దొరకదు, ఫార్మర్.”

నాకు మా ఎద్దులు గుర్తొచ్చాయి. మా వైపు తిరునాళ్ళలో బండలాగుడు పందేలు ఉంటాయి. రాతిబండకి జతను కట్టి, ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగితే అంత. ఒక ఏడు నా జత అందరికంటే ఎక్కువ లాగింది. చివర్న మా ఊరి మోతుబరి జత దిగింది. వాటికి సూది పొడిచారని వాటి కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. గెలిచాయి. వారం తిరక్కుండా అందులో ఒక ఎద్దు నురగలు కక్కి చచ్చింది. ఊరు ఊరంతా ఆ మోతుబరి అరుగు మీద చేరి ఓదార్చింది. అతను తలకి తుండు చుట్టుకుని వలవలా ఏడ్చాడు. మోకాళ్ళు చీరుకుపోయి నా ఎడమ ఎద్దు కొట్టంలో పడుకుంటే, పసుపు రాయటానికి మా ఆవిడ తప్ప ఒక్కరూ రాలేదు. ఆ మోతుబరి ఇప్పుడు లేడు. నేను అతని దినానికి వెళ్ళలేదు. ఇప్పుడు పిలిచినా వెళ్ళను.

నాకొచ్చిన ఇంగ్లీషుతో, చేతులతో ఇదంతా చెప్పాను. ఆయన అంతా విన్నారు. తర్వాత మీ ఎడమ ఎద్దు పేరేమిటని అడిగారు. ఇన్నేళ్ళలో అది అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆ వారమే ఆయన ఒక బోర్డు రాసి తన గడ్డిలో నిలబెట్టారు. ‘సూది వద్దన్నవాడి పేరు మీలో ఎవరికైనా తెలుసా?’ అంతే. ఏ పేరూ లేదు. రెండో రోజుకే ఎవరో పీకి పారేశారు. మళ్ళీ రాశారు, మళ్ళీ పీకారు. మూడోసారి విరిచి మరీ పోయారు. ముక్కలు ఏరుకుంటున్న ఆయన్ని చూసి నాకు కడుపు మండింది.

మర్నాడు మా అల్లుణ్ణి దుకాణానికి తీసుకెళ్ళమని ఒక దేవదారు గుంజ, గడ్డపార కొనిపించాను. ఎందుకని అడిగితే మొక్కలకన్నాను. ఎద్దు పీకినా రాని గుంజ ఎలా పాతాలో నాకు తెలుసు. గుంజ అడుగుకొసకి అడ్డకర్ర బిగించాలి. చెయ్యి లోతు గొయ్యి తవ్వి, కొంచెం వాల్చి దింపాలి. ఒక వరస రాళ్ళు, ఒక వరస తడిమట్టి వేసి గడ్డపార మొనతో కాకుండా తలతో కూరాలి. ఈ ఊరి ఎర్రమట్టి దానికి పెట్టింది పేరు. ఆయన బోర్డు మేకులతో దిగ్గొట్టారు. ఇద్దరం కలిసి ఊపి చూశాం. కదల్లేదు.

మా అమ్మాయికి తెలిసి ఏడుపొకటే తక్కువ. “నాన్నా, మనకెందుకీ గొడవ? మా ఆయన మేనేజరు ఇంటి ముందు ‘మేము నీ వెంటే’ బోర్డు ఉంది. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది” అంది. అల్లుడు మాత్రం “మావయ్యగారు మొక్కలన్నారు, నేను మొక్కలే అనుకున్నాను” అని తల తిప్పుకున్నాడు. మంచివాడు.

కొన్నాళ్ళకి పొద్దున చూస్తే గడ్డి మీద కారు టైర్ల చారలు, గుంజ మొదట్లో తెగిన తాడు. కట్టి లాగారన్నమాట. గుంజ అలాగే ఉంది. కాస్త దూరంలో నంబరు ప్లేటు ఊడి పడి ఉంది. ఆయన ఆ ప్లేటుని పోలీసులకి ఇవ్వలేదు. వరండా గోడకి మేకు కొట్టి తగిలించారు, అందరికీ కనబడేటట్టు. తర్వాతి వారం ఒకాయన వచ్చి, తల దించుకుని, అది నాదండీ అని అడిగి తీసుకెళ్ళాడు. మా పక్కింటాయన నవ్వలేదు. కాఫీ ఇచ్చి మరీ పంపారు. నేను మాత్రం ఇంట్లోకి వచ్చి బాగా నవ్వుకున్నాను.

ఒక్కటే బాగా లేనిది. ఆ బోర్డు చూసి కొడుకు ఫోన్ చేశాడు. తీసేయండి నాన్నా, నన్ను నలుగురిలో పెట్టకండి, ఆ ఆటగాడూ పాపం నలిగిపోతున్నాడు, అన్నాడట. కొడుకు కూడా ‘పాపం’ అన్నాడని ఆయన రెండుసార్లు చెప్పారు. అందరి జాలి ఒక ఎత్తు, ఈ జాలి ఒక ఎత్తు. అప్పటినుంచి కొడుకు ఇంటికి రావటం మానేశాడు. బోర్డు తీసేస్తే వస్తాడు. ఆయన తీయలేదు. నేను తీయమని చెప్పలేదు.

కేసు మెల్లిగా ఏమీ కాకుండా ముగిసింది. ఆ ఆటగాడు మళ్ళీ మైదానంలోకి దిగిన రోజు జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మేము రేడియోలో విన్నాం. ఆయన చేతి గడియారం చూస్తూ కూర్చున్నారు. చప్పట్లు ఆగాక “నాలుగు నిమిషాలు” అన్నారు. రేడియో కట్టేసి, “మావాడికి ఒక్కటి చాలేది” అన్నారు. నాలుగు వారాలు గడిచాయేమో, అంతే, పోయారు.

అంత్యక్రియలు అయిన మూడో రోజు కొడుకు పికప్ ట్రక్కులో వచ్చాడు. నడివయసు మనిషి, తండ్రి భుజాలే. సామాను సర్దాడు. చివరికి బోర్డు దగ్గరికి వచ్చి రెండు చేతులతో గుంజని ఊపాడు. కదల్లేదు. పారతో పక్కన తవ్వాడు. రాళ్ళు తగిలాయి. మెట్ల మీద కూర్చుని చూస్తున్న నన్ను అడిగాడు. “సార్, ఇది ఎలా వస్తుందో మీకు తెలుసా?”

ప్రతి మాటా అర్థమైంది. ఆయన నేర్పిన మాటలే అవి. నేను చేతులు తిప్పి “నో ఇంగ్లీష్” అన్నాను.

నా మొహంలోకి కాసేపు చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. పార పడేసి, గుంజకి వీపు ఆనించి గడ్డిలో కూలబడ్డాడు. అప్పుడు ఏడ్చాడు. చప్పుడు లేకుండా, చాలాసేపు. వీధిలో ఒక కారు నెమ్మదించింది. నడిపే ఆవిడ బోర్డు మీది ప్రశ్న చదివింది. దాని కింద కూర్చున్న మనిషిని ఒకసారి చూసింది. ఎవరో తెలియక వెళ్ళిపోయింది.

అతను గుంజని అలాగే వదిలి వెళ్ళాడు. ఇల్లు అమ్మకానికి పెట్టారు. వచ్చే నెల కొనేవాళ్ళు చూడటానికి వస్తారట, ఈలోగా బోర్డు పోవాలని ఏజెంటు మా అమ్మాయికి చెప్పి వెళ్ళాడు. అడ్డకర్ర ఏ పక్కన ఉందో నాకొక్కడికే తెలుసు. కొడుకు కోసం తీయాలో, తండ్రి కోసం ఉంచాలో నాకు తోచటం లేదు. నా మనసు ఎటు మొగ్గుతోందో మీకు అర్థమయ్యే ఉంటుంది, దాన్ని నమ్మలేకే మిమ్మల్ని అడుగుతున్నాను. జవాబు త్వరగా రాయండి. ఎండలు ముదిరి ఈ ఎర్రమట్టి బిగిసిందంటే ఆ గుంజ నాక్కూడా ఊడిరాదు.