జలుబు చేసిన పాట

నరసరావుపేట స్టేషను రోడ్డులో రేకు డబ్బాలకు మాట్లు వేసుకుని బతికే జహంగీరును ఊరంతా పాటలపెట్టె జహంగీరనేది. గుంటూరులో ఎవరో అమ్మకానికి పెట్టిన పాత గ్రామఫోను కొనుక్కొచ్చి, దాని బూరాకు సొట్టలు తానే తీసి, పెళ్ళిళ్ళకు నెత్తిన మోసుకుపోయేవాడు. యుద్ధం వచ్చి పెట్టెకు సూదులు దొరక్కపోతే తుమ్మముల్లు చెక్కి పెట్టి పాడించాడు. "ఇంట్లోవాళ్ళు నా మాట వినకపోయినా నా పెట్టె వింటుంది" అని మీసం దువ్వేవాడు.

ఆ మీసం జ్ఞానమ్మ కూతురు సుందరి పెళ్ళిలో వాలిపోయింది. జ్ఞానమ్మది వెనక వీధి. మిషను బడిలో పంతులమ్మ. అతన్ని తమ్ముడా అని పిలిచేది. పందిట్లో నాటకం పద్యం మంచి రాగంలో ఉండగా పెట్టెలో స్ప్రింగు టప్పున తెగింది. ఆగిపోయిందని చెప్పడానికి నోరు రాక, బూరా చాటున కూర్చుని పాట ప్లేటును వేలితో తిప్పాడు. రాగం గేదె అరుపులా సాగి సాగి, ఉన్నట్టుండి పిల్లికూతలా లేచింది. పందిరంతా ఘొల్లుమంది. పెళ్ళికూతురు కూడా ముసుగు నోట్లో కుక్కుకుంది.

"పాటగాడికి జలుబు చేసిందిరా! మిరియాల కషాయం పొయ్యండి!" అని పెళ్ళికొడుకు మేనమామ కృపాదానం కేకేశాడు.

మర్నాటి నుంచి బజార్లో ఎదురైనవాడల్లా "ఏందయ్యా, జలుబు తగ్గిందా?" అనడమే. జహంగీరు పెట్టెను గోనెలో చుట్టి మూలన పడేశాడు. మద్రాసు నుంచి స్ప్రింగు రావాలని అడిగినవాళ్ళకల్లా బొంకాడు. జ్ఞానమ్మ వీధిలో నడవడం మానేశాడు.

ఏడాది తిరక్కుండానే, పుట్టింటికొచ్చిన సుందరి కలరా గత్తర తగిలి పోయింది. కబురు విని చెప్పులు తొడుక్కున్నాడు. పెళ్ళికొచ్చిన జనమే అక్కడా ఉంటారు. చావింట్లో ఎవరూ ఎగతాళి చెయ్యరని అతనికీ తెలుసు. అయినా గడప దాటలేక చెప్పులు విడిచేశాడు. భార్య ఖాతూన్ బీ ఒక్కతే వెళ్ళొచ్చింది.

"జ్ఞానమ్మ నువ్వేడని అడిగింది. జరమన్నాను" అంది. ఆ పైన ఆ మాట ఎత్తలేదు.

కొన్నాళ్ళకు చిలకలూరిపేట నుంచి పాత ఇనుము కొనే బండి వచ్చింది.

"పలకనిదానికి ఎన్నాళ్ళు కాపలా కాస్తావయ్యా? బూరాను రహీము అంగట్లో ఇద్దాం, కిరసనాయిలు పొయ్యడానికి గరాటవుద్ది. మిగతాది బండికెయ్యి" అంది ఖాతూన్ బీ.

బూరా అంగట్లో కనబడితే ఊరికి మళ్ళీ జలుబు గుర్తొస్తుంది. మొత్తం బండికే వేసి పీడ వదిలించుకోవాలనుకున్నాడు. తీరా చూస్తే బండి ఆగింది జ్ఞానమ్మ వీధి చివర. ఇనుముందని బండివాడికి కేకేసి, పెట్టె నెత్తిన పెట్టుకుని తప్పక ఆ వీధిలో అడుగుపెట్టాడు.

జ్ఞానమ్మ అరుగు మీద బియ్యంలో రాళ్ళేరుతోంది.

"ఏంది తమ్ముడా నెత్తిన? పెట్టేనా?"

"చెడిపోయిందక్కా. ఇనుప బండికి..."

"ఇట్టా దించు."

దించాడు. ఆవిడే గోనె విప్పింది. ఆనాటి ప్లేటు ఇంకా దాని మీదే ఉంది.

"ఆ జలుబు పాట పెట్టు."

"అక్కా, నువ్వు కూడానా!"

"ఎగతాళి కాదయ్యా. ఆ రోజు పొద్దుటి నుంచీ నా పిల్ల ఏడుస్తూ కూర్చుంది. ఆ పాటకే నవ్వింది. తరవాత ఎప్పుడొచ్చినా ఆ రాగం తీసి చూపించి పడీపడీ నవ్వేది. మంచాన పడి కూడా అడిగింది, జహంగీరు మామ పెట్టె బాగయిందా అని. నువ్వొస్తే చెబుదామనుకున్నా. జరమంటగా."

జహంగీరు నేల చూపులు చూశాడు. "జరం లేదక్కా."

"తెలుసులే. కూర్చో."

దడిలో తుమ్మముల్లు విరిచి బిగించి, వేలు ప్లేటు మీద పెట్టాడు. గేదె అరిచింది, పిల్లి కూసింది. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకొచ్చారు. వీధి చివర బండివాడు "ఇనుముందన్నావు, ఏదయ్యా?" అని అరిచి అరిచి ఎద్దుల్ని అదిలించుకుపోయాడు.

జ్ఞానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తలెత్తి చూడలేదతను. ప్లేటు అయిపోయింది.

"ఇంకోసారి తిప్పు, తమ్ముడా."

ముల్లు మార్చి మళ్ళీ మొదట్లో పెట్టాడు.