కుంకుమపువ్వు పాయసం నేలపాలు

"ఆ గరిటె నాకివ్వకు. మీ తలపాగాల ముల్లాల మొక్కులకి నేను తిప్పను."

"తలపాగాలకి కాదయ్యా, నీ కూతురికి! ఇంట్లోవాళ్ళు తలోసారి తిప్పితేనే మొక్కు చెల్లేది. నువ్వొక్కడివే మిగిలావు."

"రాజు మీద తిరగబడండని మీ నాన్న మసీదులో కేకేశాడు. మా నాన్న కొండ దిగి తుపాకీ ఎత్తాడు. సైన్యం వచ్చేసరికి మీ నాన్న ఏడీ?"

"జైల్లో! తలపాగా ఊడబీకి, గడ్డం గొరిగి, బజారంతా తిప్పారు. నీకు తెలీదూ?"

"జైలు నుంచి ఇంటికొచ్చాడుగా. మా నాన్న ఉరికొయ్య మీంచి రాలేదు."

ఈ పరాయి దేశపు ఊళ్ళో, న్యూ లిన్‌లో, మా పక్క ఫ్లాటు ఇరానీ ముసలి దంపతులు వీళ్ళు. ఒకప్పుడు హైదరాబాదులో టీ హోటల్ నడిపారు. అందుకే వాళ్ళ భాషలో మొదలైన పోట్లాట, నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ఉర్దూలోకి దిగింది. నన్ను తీర్పరిని చేద్దామని. నేను చదివింది మూడో తరగతి, ఉర్దూ మాత్రం హైదరాబాదులో మా సందులోనే అబ్బింది.

వాళ్ళమ్మాయికి కడుపులో ఆపరేషన్ అయింది. లేచి నడిస్తే మొహర్రంలో కుంకుమపువ్వు పాయసం వండి ఇల్లిల్లూ పంచుతానని తల్లి మొక్కుకుంది. అమ్మాయి నడిచింది. గిన్నె నాది, చీరలు వదిలేసి సామాన్లో మోసుకొచ్చిన పెద్ద గిన్నె.

వాళ్ళ కథలు నాకు కొత్త కాదు. వాళ్ళ నాన్నల కాలంలో ఇరాన్‌నేలిన ఆ రాజుకి దేశాన్ని దొరల దేశంలా చెయ్యాలని సరదా. మగాళ్ళకి టోపీలు పెట్టించాడు, ఆడవాళ్ళ ముసుగులు లాగించాడు. గొర్రెలతో కొండలెక్కి దిగేవాళ్ళని మట్టి కొంపల్లో కుక్కేశాడు. గొర్రెలు చచ్చాయి. ఇద్దరి కొంపా ముంచినవాడు ఒక్కడే. వాడు పోయాడు, వాడి కొడుకూ పోయాడు. వీళ్ళు మాత్రం ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు.

"భాయిసాబ్, ఒక్కసారి తిప్పండి. చెయ్యేం అరిగిపోదు" అన్నాను.

"మీకేం బెహన్‌జీ, మీ పూజారులు మీ నాన్నని ఉరికి పంపలేదు" అన్నాడు.

"కొండజాతి బుద్ధి ఎక్కడికి పోతుంది!" అంది ఆవిడ.

అంతే. మసిగుడ్డలతో గిన్నె ఎత్తి, పెరట్లో బట్టలారేసే తీగ కింద గడ్డిలో బోర్లించాడు. ఆ వయసులో ఎలా ఎత్తాడో. పొగలు కక్కే పాయసం పసుప్పచ్చగా పారింది. సముద్రపు పక్షులు సీగల్స్ వచ్చి వాలాయి, ముక్కులు కాలి అరుస్తూ కూడా వదల్లేదు.

ఉరికొయ్యల మీద జాలి ఉంది నాకు. అన్నాన్ని మట్టిలో పోసే చేతి మీద లేదు. కొండజాతి మాట అని దాన్ని ఎగదోసిన నోటి మీదా లేదు.

ఆవిడ పొయ్యి దగ్గరే కూలబడింది. "మొక్కు తప్పింది. అమ్మాయికి మళ్ళీ ఏమన్నా అయితే?" అంది. ఆయన విన్నాడు.

"ఛీ, ఇద్దరూ ఇద్దరే" అని గిన్నె తెచ్చుకుని, గడ్డిపరకలు ఏరి తోమాను.

మర్నాడు పొద్దున ఆవిడ మిగిలిన కుంకుమపువ్వు పొట్లంతో మా వంటింటికొచ్చింది. బియ్యం, పంచదార నావి. ఆవిడ తిప్పింది. అమ్మాయి గోడ పట్టుకుని వచ్చి రెండుసార్లు తిప్పింది. "రెండోది నాన్నది" అంది. తల్లి మసిగుడ్డతో గిన్నె కదలకుండా పట్టుకుంది. ఇల్లిల్లూ పంచాం. ఆయనకి నేను చిన్న గిన్నెలో పట్టుకెళ్ళాను. తలుపు తియ్యలేదు. ఆ గిన్నెడూ ఇంటికి తెచ్చుకుని నేనే తిన్నాను.