భయపడింది అత్త కాదు

మార్కెట్ పడగానే మా మేనత్త కంగారుపడి మ్యూచువల్ ఫండ్‌లోని డబ్బంతా తీయించేసిందని మా బంధువుల్లో ఒక కథ ఉంది. ఆ కథ పుట్టించింది నేనే. అది నిజం కాదు.

అత్తకు డెబ్భై రెండేళ్లు. మావయ్య పోయాక పదేళ్లపాటు భీమవరం దగ్గర రెండు రొయ్యల చెరువులు ఒక్కతే చేయించింది. ఒక ఏడు రేటు పడిపోతే చుట్టుపక్కల వాళ్లంతా హడావిడిగా చెరువుల్లో రొయ్యని పట్టేశారు. కిలోకి వంద తూగే చిన్న రొయ్యని కూడా అమ్మేశారు. అందరూ ఒకేసారి పట్టేసరికి రేటు ఇంకా దిగింది. అత్త మాత్రం రొయ్య ఆరోగ్యంగానే ఉంది కదా అని మేత వేయిస్తూ నెలరోజులు ఆగి, రేటు లేచాక పట్టించింది. నా రొయ్యల మేత షాపులో కూర్చున్న రైతులు చాలాకాలం ఆ సంగతే చెప్పుకున్నారు.

తర్వాత చెరువులు లీజుకిచ్చేసి, చేతిలో ఉన్నది కొంత పోస్టాఫీసులో, కొంత ఫండ్‌లో పెట్టింది. మార్కెట్ పడటం మొదలయ్యాక రోజూ ఆవిడ ఫోన్ తెరిచి చూసింది నేను.

"ఏంటిరా ఆ మొహం? చెరువులో రొయ్య చచ్చి తేలినట్టు!"

"ఇంకా పడుతుందంటున్నారత్తా."

"పడనీ. తినడానికి పోస్టాఫీసు వడ్డీ వస్తోంది. ఫండ్ డబ్బు ఐదేళ్లదాకా ముట్టుకోనని పెట్టిందే కదా."

మూడు రోజులు వెంటపడ్డాను. నా డబ్బు కూడా అలాంటి ఫండ్‌లోనే ఉంది. నేనొక్కణ్ణే తీసేసుకుంటే పిరికివాణ్ణంటారని ఆవిడ చేత కూడా తీయించాలనుకున్నాను. నాలుగో రోజు అత్త విసిగిపోయి ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆవిడదీ, నాదీ మొత్తం తీసేశాను.

ఏడాది తిరక్కుండానే మార్కెట్ కోలుకుంది. ఒక పెళ్లిలో అత్త అల్లుడు ఆ డబ్బెందుకు తీసేశారని అడిగితే, "అత్తే భయపడిపోయిందండి, నేనేం చేస్తాను?" అన్నాను.

"రొయ్యల రాణిగారు టీవీ చూసి జడుసుకున్నారంట!" అని భోజనాల దగ్గర అందరూ నవ్వారు. అదే బంతిలో కూర్చున్న అత్త తలెత్తలేదు.

ఆ తర్వాత ఆవిడ గ్యాస్ పొయ్యి మార్చాలన్నా నన్నే అడిగేది. "ఈ వయసులో నాకేం తెలుస్తుందిరా" అనేది. వింటూ ఊరుకున్నాను. రెండేళ్లు ఊరుకున్నాను.

మొన్న పోస్టాఫీసు డిపాజిట్ గడువు తీరింది. ఏం చేయమంటావని అడిగింది. అప్పుడు చెప్పేశాను, భయపడిందీ నేనే, అబద్ధం చెప్పిందీ నేనే అని.

"నువ్వు భయపడ్డావని నాకు తెలీదంట్రా? ఆ మూడు రోజులూ నీకు అన్నం కూడా సయించలేదు," అంది. మళ్లీ తనే, "అయినా అందరూ అంటుంటే, నేనూ భయపడ్డానేమో అనుకోవడం మొదలెట్టాను," అంది.

"మీ అల్లుడికి ఫోన్ చేసి చెప్తానత్తా."

"ఇప్పుడే చెయ్యి. నా ఎదురుగా."

చేశాను. స్పీకర్‌లో ఆయన నవ్వేసి, "పోనీలెండి అన్నయ్యగారూ, పాత సంగతి," అన్నాడు.

అత్త ఫోన్ అందుకుంది. "మీకు పాతదేనండీ అల్లుడుగారూ. నవ్వింది నన్ను చూసి. ఆ రోజు నవ్వినవాళ్లందరికీ మీరే చెప్పాలి."

ఆయన ఎవరికి చెప్పాడో నాకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. అత్త మాత్రం డిపాజిట్ గురించి మళ్లీ నన్ను అడగలేదు. మర్నాడు ఆటో ఎక్కి ఒక్కతే వెళ్లి పని చూసుకొచ్చింది. ఆ డబ్బు ఎక్కడ పెట్టిందో నాకు చెప్పలేదు.